సముద్రం లేని ఊళ్లో ఉల్లంకి పిట్టలు

వానలు వెనక్కి తగ్గాక, బాతులు దిగకముందు, ఢిల్లీ చుట్టుపక్కల బురద బయటపడే రోజులు కొన్ని ఉంటాయి. నీళ్లలో నడిచి తిండి వెతుక్కునే పక్షులకు అదే పండగ. వాటి వెంట కెమెరాలతో తిరిగేవాళ్లకూ అంతే.

కాకినాడ తీరంలో పక్షుల ఫొటోలు తీసేవాళ్లు ముందు చూసుకునేది పోటుపాట్ల వేళలు. పాటుకు నీరు వెనక్కి తీయగానే బురద బయటపడుతుంది, అందులో పురుగుల కోసం ఉల్లంకి పిట్టలు గుంపులుగా వాలతాయి. పోటు రాగానే లేచిపోతాయి. రోజుకు రెండుసార్లు ఇదే వరస. ఢిల్లీలో ఉంటూ ఇవే పిట్టల్ని వెతికేవాడికి ఆ పట్టికతో పనిలేదు. ఇక్కడ పోటు జులైలో వస్తుంది, పాటు సెప్టెంబరులో మొదలవుతుంది. ఏడాదికి ఒక్కసారే. యమునకు, చుట్టూ ఉన్న జీళ్లకు (సరస్సులకు), పొలాల్లో నిలిచిన నీళ్లకు అన్నిటికీ కలిపి ఒకటే పాటు. అది దీపావళి దాకా సాగుతుంది.

ఆ పోటు ఎంత ఎత్తుకు లేవగలదో 2023లో దేశమంతా టీవీల్లో చూసింది. జులై 13న పాత రైలు వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు చేరింది. అంతకుముందు రికార్డు 1978 నాటి 207.49 మీటర్లు. ప్రమాద స్థాయి 205.33. ఎర్రకోట వెనక రోడ్ల మీద పడవలు తిరిగాయి. వరద ముంచుకొచ్చినప్పుడు వంద కెమెరాలుంటాయి. వరద తీసినప్పుడు ఒక్కటీ ఉండదు. కానీ నీరు దిగేకొద్దీ మెత్తటి ఒండ్రు, గుంటల్లో చిక్కిన చేపపిల్లలు, లక్షల పురుగులు మిగులుతాయి. వేల కిలోమీటర్ల అవతల గూళ్లు పెట్టి తిరిగొస్తున్న పక్షులు సరిగ్గా అప్పుడే దిగుతాయి.

వీటి రాకకు చలికాలం దాకా ఆగక్కర్లేదు. సైబీరియా నుంచి, మధ్య ఆసియా నుంచి వచ్చే గ్రీన్ శాండ్‌పైపర్లు, వుడ్ శాండ్‌పైపర్లు ఆగస్టులోనే, ఇక్కడ ఇంకా గొడుగులు తెరిచే ఉన్నప్పుడే కనిపిస్తాయి. ఆ వెనక రఫ్‌లు, నల్లతోక గాడ్‌విట్లు, పిడికిట్లో పట్టేంత లిటిల్ స్టింట్లు. ఈ స్టింట్ బరువు పాతిక గ్రాముల చుట్టుపక్కలే. ముప్ఫై దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా వలస మార్గంలో ఢిల్లీ ఒక మజిలీ. కొన్ని ఇక్కడే ఉండిపోతాయి, కొన్ని నాలుగు రోజులు తిని ఒళ్లు చేసుకుని దక్షిణాదికి పోతాయి. పులికాట్‌లోనో కోరంగిలోనో డిసెంబరులో మనం చూసే పిట్ట అక్టోబరులో యమున ఒడ్డున తిన్నదై ఉండొచ్చు.

"సముద్రం లేకుండా ఉల్లంకులేంట్రా అక్కడ?" అని నవ్వాడు కాకినాడ మిత్రుడు, ఫోన్లో. ఫొటో పంపాను. కాసేపటికి జవాబు వచ్చింది: "పిట్ట మాదే. వెనకాల ఆ బిల్డింగులేంటి?"

ఆ ప్రశ్న దగ్గరే అసలు సంగతి ఉంది.

గేటు ఎత్తితే ఒకటి, దించితే ఒకటి

ఢిల్లీ మెట్రో మెజెంటా లైన్లో 'ఓఖ్లా బర్డ్ శాంక్చురీ' అని ఒక స్టేషనే ఉంది. దిగి నడిస్తే అభయారణ్యం. యమున ఢిల్లీ దాటి ఉత్తరప్రదేశ్‌లోకి అడుగుపెట్టే చోట, నోయిడా అంచున, సుమారు నాలుగు చదరపు కిలోమీటర్ల నీళ్లు, రెల్లుగడ్డి, బురద. ఇక్కడ నదికి అడ్డం కట్టడం కొత్తేమీ కాదు. ఆగ్రా కాలువకు నీళ్లు మళ్లించడానికి బ్రిటిష్‌వాళ్లు కట్టిన ఆనకట్ట నుంచి 1874లోనే నీరు పారింది. 1980ల్లో కొత్త బ్యారేజీ వచ్చాక వెనక జలాశయం విస్తరించింది, పక్షులు చేరాయి, 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. అంటే ఈ చిత్తడి దేవుడిచ్చింది కాదు, ఇంజనీర్లు ఇచ్చింది. కాకినాడలో చంద్రుడు చేసే పనిని ఇక్కడ నీటిపారుదల శాఖ చేస్తుంది. గేట్లు దించితే నీరు నిలిచి బురద మునుగుతుంది, పొట్టికాళ్ల పిట్టలన్నీ మాయం. ఎత్తితే రాత్రికి రాత్రి బురదమేటలు తేలతాయి. నిన్న వంద స్టింట్లున్న చోట ఇవాళ ఒక్కటీ లేదంటే పక్షుల తప్పు కాదు.

కొన్నాళ్లు తిరిగితే నీటి లోతును పక్షుల కాళ్లతోనే కొలవడం వస్తుంది. ఒడ్డున తడిబురద మీద స్టింట్లు, చిన్న ప్లోవర్లు. చీలమండ లోతులో శాండ్‌పైపర్లు, రెడ్‌షాంక్‌లు. ఇంకా లోపల గులాబీ రంగు పొడుగు కాళ్లతో స్టిల్ట్‌లు. పొట్ట నీళ్లకు తగిలేదాకా దిగి, పొడవాటి ముక్కును మొదలంటా బురదలో గుచ్చేవి గాడ్‌విట్లు. గాడ్‌విట్‌కూ స్నైప్‌కూ ముక్కు చివర మాత్రమే తెరుచుకునే ఏర్పాటు ఉంది. బురద లోపలే పురుగును తడిమి పట్టేస్తాయి, కంటితో పనిలేదు. యమున నీరు ఎంత నల్లగా ఉన్నా వీటికి ఫరవాలేకపోవడానికి అదొక కారణం. అందరికీ ఒకటే వంటిల్లు, ఎవరి అర వాళ్లది.

ఫొటోగ్రాఫరుకు ఇక్కడ చిక్కు ఏమిటంటే దారంతా కట్ట మీద ఉంటుంది. పైనుంచి తీస్తే ఏ పిట్టయినా బురదలో అతికించిన బొమ్మలా తేలిపోతుంది. కెమెరా పక్షి కంటి ఎత్తుకు దిగాలి, అంటే మనిషి బోర్లా పడుకోవాలి. కట్ట వాలున బీన్ బ్యాగు వేసుకుని, మోచేతులు మట్టిలో ఆనించి కదలకుండా పడుకుంటే పావుగంటలో పిట్టలు మనల్ని మరిచిపోతాయి. ఆ ఎత్తు నుంచి ముందున్న నీరు, వెనకున్న రెల్లు రెండూ మెత్తగా అలుక్కుపోయి మధ్యలో పక్షి ఒక్కటే నిలుస్తుంది. లక్షలు పోసి కొన్న లెన్సు చేయలేని పని ఒక పాత చొక్కా చేసిపెడుతుంది.

తెల్లకొంగలతో ఇంకో తంటా. నల్లటి నీటి ముందు తెల్లటి రెక్క. కెమెరా నలుపును చూసి వెలుతురు పెంచేస్తుంది, ఈకలన్నీ సున్నం కొట్టినట్టు అయిపోతాయి. ఎక్స్‌పోజరును ఒక మెట్టు దించుకోవాల్సిందే. స్టిల్ట్ ఒంటి మీద నలుపు, తెలుపు రెండూ ఉన్నా తెలుపు మాటే వినాలి. అక్టోబరులో ఎనిమిదిన్నర, తొమ్మిది దాటితే బురద మీంచి ఆవిరి లేచి దూరపు పక్షులన్నీ వణుకుతాయి. ఆ తర్వాత ఎంత ఫోకస్ చేసినా పదును రాదు. కెమెరా సంచిలో పెట్టేసి పరాఠా తినడం మేలు.

కాళింది కుంజ్ వంతెన కింద ఆ రోజుల్లోనే నురగ లేస్తుంది. డిటర్జెంట్లు, శుద్ధి చేయని మురుగు కలిసిన నీరు బ్యారేజీ మీంచి దూకినప్పుడు గిలకొట్టుకుని, మంచు కురిసినట్టు నది మీద పరుచుకుంటుంది. ఛఠ్ పూజకు అందులోనే నడుములోతు దిగి సూర్యుడికి అర్ఘ్యమిచ్చే ఆడవాళ్ల ఫొటోలు ఏటా ప్రపంచమంతా తిరుగుతాయి. అక్కడికి కాస్త ఎగువన, అదే వారంలో, అదే నీళ్లలో తీసిన పక్షి ఫొటోలు మాత్రం మానససరోవరంలో తీసినట్టు ఉంటాయి. ఎలా? నురగ కనపడకుండా, హైటెన్షన్ తీగ పడకుండా, నోయిడా టవర్లు తగలకుండా కోసేస్తాం కాబట్టి. నేనూ చాలాకాలం కోశాను. బహుమతులు అలాంటి వాటికే వస్తాయి.

ఆ టవర్లకూ ఈ పక్షులకూ మధ్య నడిచిన తగాదా మాత్రం ఏ ఫొటోలోనూ లేదు. 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఓఖ్లా అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కట్టిన ఇళ్లకు పూర్తయినట్టు ధ్రువపత్రాలివ్వకూడదంది. చుట్టూ ఎంత మేర పర్యావరణ సున్నిత మండలమో తేలేదాకా ఆగాలంది. వేల ఫ్లాట్లు తాళాలతో నిలిచిపోయాయి. అప్పుచేసి కొన్నవాళ్లలో ఐటీ కొలువులకు వచ్చిన మన తెలుగువాళ్లూ ఉన్నారు. 2015 ఆగస్టులో కేంద్రం తేల్చింది: మూడు వైపులా వంద మీటర్లు, ఉత్తరాన 1.27 కిలోమీటర్లు. పది కిలోమీటర్లు వంద మీటర్లయ్యాయి. గృహప్రవేశాలు జరిగాయి. ఇళ్లు కొన్నవాళ్ల బాధ నిజమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ రెండేళ్లలో పిట్టల తరఫున చూపించడానికి మన దగ్గరున్న బొమ్మల్లో పిట్టలు తప్ప వాటి ఊరు లేదు.

ఉప్పు తీసిన నేల

గురుగ్రామ్ దాటి ఫరూఖ్‌నగర్ దారిలో సుల్తాన్‌పూర్ జీల్. తీరపు ఉప్పునీటి చిత్తడికి ఢిల్లీ దగ్గర చుట్టం ఏదైనా ఉందంటే ఇదే. ఈ నేల అడుగున నీరు ఉప్పన. 19వ శతాబ్దంలో ఇక్కడి బావుల్లోంచి ఉప్పునీరు తోడి, మడుల్లో ఎండగట్టి 'సుల్తాన్‌పురీ ఉప్పు' తీసేవారు. గఢీ హర్సరూ నుంచి ఫరూఖ్‌నగర్‌కు వేసిన రైలు లైను ఆ ఉప్పు రవాణాకు పనికొచ్చింది. సాంభర్ ఉప్పు పోటీకి, పన్నులకు తట్టుకోలేక ఆ పరిశ్రమ పోయింది. చినగంజాం ఉప్పుమళ్ల పక్కన పెరిగినవాడికి ఇక్కడి తెల్లటి చవుడు, గిడసబారిన గడ్డి చూడగానే చుట్టాలింటికి వచ్చినట్టుంటుంది.

ఉప్పు పోయాక మిగిలిన పల్లంలో నీళ్లు, నీళ్ల మీద పక్షులు. ఈ జీల్‌ను లోకానికి చూపినవాడు పీటర్ జాక్సన్, ఢిల్లీలో రాయిటర్స్ విలేకరి, ఢిల్లీ బర్డ్ వాచింగ్ సొసైటీ కార్యదర్శి. ఆ సొసైటీని గాంధీజీ మిత్రుడు, క్వేకర్ హోరేస్ అలెగ్జాండర్, సైనిక ఇంజనీరు హెరాల్డ్ విలియమ్స్ 1950లో మొదలుపెట్టారు. ఇందిరాగాంధీ కూడా అందులో సభ్యురాలే. ఆమె ప్రధాని అయ్యాక సుల్తాన్‌పూర్‌ను కాపాడమని జాక్సన్ ఉత్తరం రాశాడు. ఆవిడ హరియాణా ప్రభుత్వాన్ని కదిలించారు. 1970ల మొదట్లో అభయారణ్యం, 1991లో జాతీయ ఉద్యానం, 2021లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడిగా రామ్‌సర్ గుర్తింపు. ఒకటిన్నర చదరపు కిలోమీటరు కూడా లేని పార్కుకు ఒక విలేకరి ఉత్తరం ఇంత చేసింది. జాక్సన్ తర్వాత పులుల సంరక్షణలో పేరు తెచ్చుకుని 2016లో పోయాడు.

వానాకాలం మూసి, అక్టోబరులో గేట్లు తెరుస్తారు. తెరిచిన తొలి వారాలే మంచివి. డిసెంబరు ఆదివారాల్లో బాతుల కోసం వచ్చే పిక్నిక్ జనం అప్పటికి రారు. వాన చాలని ఏళ్లలో కాలువ నీళ్లు, బోరు నీళ్లు తెచ్చి నింపుతారు. కాబట్టి ఇక్కడి పాటు కూడా మనిషి చేతిలోదే.

గోడ లోపల గూళ్లు

ఢిల్లీలో శరదృతువు ఫొటోలకు నన్నడిగితే మొదట చెప్పేది అడవి కాదు, జూ. పాతకోట పక్కన 1959లో తెరిచిన జంతు ప్రదర్శనశాలలోని చెరువులకు మరుసటి ఏడాది నుంచే పెయింటెడ్ స్టార్క్‌లు తమంతట తాము రావడం మొదలుపెట్టాయి. బోనులో పక్షులు కావు, స్వేచ్ఛగా తిరిగేవి. ఆగస్టులో దిగుతాయి. చెరువు మధ్య దిబ్బల మీద సర్కారు తుమ్మ చెట్ల నిండా గూళ్లు. మన వీరాపురం జనానికి, ఉప్పలపాడు జనానికి ఈ కొంగలు బాగా తెలుసు. పసుపు ముక్కు, నారింజ రంగు బోడి తల, తోక దగ్గర గులాబీ ఈకలు. అయితే అనంతపురం వైపు వీరాపురంలో ఇవి గూళ్లు పెట్టేది సంక్రాంతి చుట్టుపక్కల. ఢిల్లీలో వాన వెనకే. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఈ కొంగల మీద ఏళ్లతరబడి పనిచేసి పుస్తకమే రాసిన అబ్దుల్ జమీల్ ఉర్ఫీ పరిశోధన చూస్తే, పిల్లల ఆకలికీ చేపల రాకకూ ఉన్న లంకె అర్థమవుతుంది. ఉత్తరాన నైరుతి వానల తర్వాత పల్లపు నీళ్లలో చేపపిల్లలు పుష్కలం. దక్షిణాదిలో ఈశాన్య రుతుపవనాల తర్వాత. పక్షి ఒకటే, పంచాంగం వేరు.

అక్టోబరులో ఇక్కడ చూడాల్సింది తిండి పెట్టే ఘట్టం. యమున వైపు నుంచి తల్లో తండ్రో వచ్చి గూటి అంచున వాలుతుంది, పిల్లలు గొంతు చించుకుంటాయి, పెద్దది తల వంచి మింగిన చేపల్ని గూట్లోకి కక్కుతుంది. మధ్యాహ్నం ఎండకు రెక్కలు విప్పి పిల్లలకు నీడపడతాయి. ఆ రెక్కల్లోంచి వెలుతురు వడిసి పడే క్షణం కోసం ఎంతసేపైనా నిలబడొచ్చు. వేట కూడా చిత్రమే: సగం తెరిచిన ముక్కు నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది, ఏదైనా తగలగానే మూసుకుంటుంది. వాలేటప్పుడు పట్టాలంటే షట్టరు సెకనులో రెండువేలో వంతు, మేసేటప్పుడైతే అయిదువందలో వంతు సరిపోతుంది.

ఈ గూళ్లకూ గండాలున్నాయి. 2016 అక్టోబరులో బర్డ్‌ఫ్లూతో పక్షులు చనిపోయి జూ మూతపడింది. 2025 ఆగస్టు చివర మళ్లీ పెయింటెడ్ స్టార్క్‌లలోనే వైరస్ బయటపడి గేట్లు మూశారు. రోజూ నది నుంచి నగరానికీ నగరం నుంచి నదికీ తిరిగే పక్షికి గోడ అడ్డం కాదు, రోగానికీ కాదు.

పేరు లేని నీళ్లు

నజఫ్‌గఢ్‌ను ఢిల్లీవాళ్లు నాలా అంటారు. రాజస్థాన్ కొండల్లో పుట్టిన సాహిబీ నది వచ్చి నిలిచిన పల్లం అది. భారీ వరద ఏళ్లలో రెండొందల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న జీల్‌ను బ్రిటిష్‌వాళ్లు కాలువ తవ్వి యమునలోకి వంచారు. 1964 వరద తర్వాత ఆ కాలువను ఇంకా వెడల్పు చేశారు. ఇవాళ అది యాభై ఏడు కిలోమీటర్ల మురుగు, యమునలో కలిసే కాలుష్యంలో పెద్ద వాటా దానిదే. అయినా హరియాణా సరిహద్దులో, ధాన్సా వైపు కట్ట మీద నిలబడితే మిగిలిన జీల్‌లో వందల రాజహంసలు, అదే మన సూళ్లూరుపేట ఫ్లెమింగోలు, తలకిందులుగా ముక్కులు ముంచి మేస్తుంటాయి. పక్కన అవోసెట్లు, స్టిల్ట్‌లు. గేటు లేదు, టికెట్ లేదు, బోర్డు లేదు.

బోర్డు లేకపోవడం ఎంత ప్రమాదమో గురుగ్రామ్‌లోని బసయి చూపించింది. కారే కాలువలు, మురుగు కలిసి తయారైన చిత్తడి. పక్షులకు ముఖ్యమైన స్థలంగా బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ జాబితాకెక్కింది. సర్కారు జాబితాలోకి మాత్రం ఎక్కలేదు. అక్కడ భవన శిథిలాల రీసైక్లింగ్ ప్లాంటు పెడుతుంటే 2017లో పక్షి ప్రేమికులు హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. అధికారికంగా గుర్తించిన చిత్తడి నేలే కాదు కదా అన్నది ఎదుటి వాదన. ప్లాంటు వచ్చింది.

బసయిలో ఏళ్లతరబడి తీసిన అద్భుతమైన ఫొటోలకు కొదవలేదు. వాటిలో ఎక్కువ భాగం పక్షి ముఖాలు. ఆ నీరు ఎక్కడిదాకా ఉండేదో, ఏ స్తంభం దగ్గర మొదలై ఏ గోడ దగ్గర ఆగేదో, ఏ నెలలో ఎంత బురద బయటపడేదో చెప్పగల బొమ్మలు చాలా తక్కువ. అందుకే కత్తిరింపు మీద నాకు కోపం. పిట్టను దగ్గరగా తీయండి, వద్దనను. కానీ లెన్సు మార్చి, లేదా జేబులో ఫోనైనా తీసి, అదే చోటు నుంచి తీగలు, టవర్లు, నురగ, చెత్త అన్నీ పడేలా ఇంకొకటి తీయండి. తేదీ, చోటు పోకుండా ఈబర్డ్ లాంటి పక్షుల లెక్కల వెబ్‌సైట్లో లెక్కతో పాటు పెట్టండి. ఆసియా నీటిపక్షుల గణన జరిగేది జనవరిలో, ఢిల్లీ బిగ్ బర్డ్ డే ఫిబ్రవరిలో. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆగి, తిని, దక్షిణాదికి పోయిన పిట్టలు ఆ లెక్కల్లో పడవు. అవి ఇక్కడ దిగాయనడానికి సాక్ష్యం మన కార్డుల్లోనే ఉంది.

ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టి, రాయి విసిరి గుంపును లేపేవాళ్ల గురించి ఒక మాట. పాతిక గ్రాముల పిట్ట వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి, పోయిన కొవ్వు కూడగట్టుకుంటోంది. దాన్ని లేపిన ప్రతిసారీ తిన్నదంతా ఖర్చు. గ్రేటర్ నోయిడా దగ్గర ధనౌరీలో వానాకాలంలో పొదిగిన ఆరడుగుల ఎత్తు బెగ్గురు కొంగలు పిల్లల్ని వెంట తిప్పే కాలం కూడా ఇదే. డ్రోన్లు అక్కడ అసలు వద్దు.

నవంబరు మొదటి వారానికి పొగమంచు దిగుతుంది. పంజాబ్, హరియాణా పొలాల పొగ, టపాసుల పొగ, వాహనాల పొగ కలిసి సూర్యుడు నేరుగా చూడగలిగినంత ఎర్రగా మారతాడు. ఐఎస్‌ఓ మూడువేలు దాటించినా షట్టరు వేగం చాలదు, ఫోకస్ అటూ ఇటూ తడుముకుంటుంది. ఆ వెలుతురులో నీడబొమ్మలు బాగా వస్తాయని మెచ్చుకునేవాళ్లున్నారు. మాస్కు పెట్టుకుని వాళ్లే తీసుకోవచ్చు.

ఈసారి వెళ్లాలనుకుంటే: సూర్యోదయానికి అరగంట ముందే నీటి దగ్గరుండేలా చూసుకోండి, సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకోండి. జూకు శుక్రవారం సెలవు, సుల్తాన్‌పూర్‌కు మంగళవారం. నజఫ్‌గఢ్ కట్టకు సెలవు లేదు, అక్కడ మరుగుదొడ్డీ లేదు, టీ కొట్టూ లేదు. నీళ్ల సీసా, టోపీ, పాడైనా ఫరవాలేని చొక్కా పట్టుకెళ్లండి.